నోటిమాటా, చాటింపూ – మన చిన్న కొట్లకు రెండూ ఎందుకు కావాలి?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్పయ్యేళ్ళుగా ఈ గుంటూరులో ప్రింటింగు ప్రెస్సు నడుపుకుంటున్నవాణ్ణి. నిఖా కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఏడాదికోసారి మన ఈ సావనీరు – ఇవీ నా చేతిపనులు. "ఫోనులో ప్రచారం ఎలా చేసుకోవాలో మన పిల్లలకు నాలుగు మాటలు చెప్పు భాయ్" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు, కరపత్రాలమీద బతికేవాణ్ణి పిలిచి కరపత్రాన్ని చంపిన వస్తువును పొగడమంటున్నారా అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి కాస్త తర్వాత మనవి చేస్తాను.

ముందు మాటల అర్థం చూద్దాం. ఈ విద్య నేర్చినవాళ్ళు ప్రచారాన్ని రెండు రకాలంటున్నారు. ఒకటి ఆర్గానిక్, రెండోది పెయిడ్. ఆర్గానిక్ అంటే ఎరువు వెయ్యకుండా పండించిన బియ్యం కాబోలు అనుకున్నాను నేను. కాదట. పైసా ఇవ్వకుండా, దానంతట అది ఒకరినుంచి ఒకరికి పాకే ప్రచారాన్ని అలా అంటారు. డబ్బు కట్టి జనం కళ్ళముందు పెట్టించుకునేది పెయిడ్. పేర్లు కొత్తవి గాని సంగతి పాతదే. జుమా నమాజు అయ్యాక మసీదు మెట్లమీద చెప్పులు తొడుక్కుంటూ, "ఫలానా భాయ్ దగ్గర పరుపు కుట్టించాను, మూడేళ్ళయింది, దూది ఇంకా ఉండ కట్టలేదు" అని ఒకాయన ఇంకొకాయనతో అంటాడు చూడండి, అది నోటిమాట. రిక్షాకు మైకు కట్టించి తిప్పడం, సినిమా హాల్లో ఇంటర్వెల్లో స్లైడు వేయించడం – అది చాటింపు. నోటిమాట ఖర్చు లేనిది, కాని నెమ్మది. చాటింపు త్వరగా ఊరంతా తిరుగుతుంది, కాని మైకు ఆగగానే అదీ ఆగుతుంది.

మధ్యలో ఒక మాట, ఎవరూ కోపగించుకోవద్దు. మన సావనీరులో వెనక పేజీల నిండా "శుభాకాంక్షలతో" అని ప్రకటనలు వుంటాయి. అవి ఈ రెంటిలో ఏ రకమూ కావు. అది చందా. ఆ ప్రకటన చూసి కొట్టుకు వచ్చి సరుకు కొన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. సొసైటీకి ఇచ్చింది సవాబు ఖాతాలో వేసుకోండి, వ్యాపార ఖర్చులో రాసుకోకండి.

ఇక అసలు విషయం. మన కొట్లవాళ్ళలో నాకు రెండు జాతులు కనపడుతున్నాయి. ఒక జాతివారు, "నా చేతిపని బాగుంటే జనం వాళ్ళే వస్తారు, నాకు ప్రకటన ఎందుకు?" అంటారు. రెండో జాతివారు ఫోనులో నీలం రంగు మీట ఒకటి నొక్కి రెండు వేలు కడితే మర్నాటినుంచి కొట్టుముందు క్యూ కడతారనుకుంటారు. ఇద్దరూ నష్టపోతున్నారు.

మొదటివారి సంగతి. ఫోనులో నోటిమాట ఒకప్పుడు ఇప్పటికన్నా ధారాళంగా పాకేది. కొట్టు పేరుతో ఫేస్‌బుక్కులో పేజీ తెరిచి ఫోటో పెడితే, ఆ పేజీకి చేరినవాళ్ళలో చాలామందికి కనపడేది. 2018 జనవరిలో ఆ కంపెనీవారు బంధుమిత్రులు పెట్టుకునే వాటికే ముందు చోటు ఇస్తామని, వ్యాపారాల పేజీలను వెనక్కు జరుపుతామని బాహాటంగానే ప్రకటించారు. అప్పటినుంచి వెయ్యిమంది చేరిన పేజీ అయినా, మనం పెట్టింది అందులో కొద్దిమందికే చేరుతున్నది. వాళ్ళను తప్పు పట్టి లాభం లేదు. వాళ్ళది అంగడి, చోటును అమ్ముకుంటారు. నమాజుకు వెళ్ళే దారిలో గోడ వుంది గదా అని రోజూ ఊరికే పోస్టరు అంటించుకున్నాం. ఒకరోజు గోడగలాయన బయటికొచ్చి "అద్దె కట్టు" అన్నాడు. అంతే.

ఇంకో దెబ్బ 2020 జూన్ 29న తగిలింది. ఆ రాత్రి ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. అందులో వేలమందిని పోగేసుకున్నవాళ్ళకు తెల్లారేసరికి ఒక్కరూ మిగల్లేదు. అంచేత పిల్లలకు నేను మొదట చెప్పేది – ఫేస్‌బుక్కయినా, ఇన్‌స్టాగ్రామ్ అయినా అద్దె కొట్టు. మీ సొంత ఆస్తి మీ పుస్తకంలో రాసుకున్న గిరాకీల పేర్లు, ఫోను నంబర్లు. వచ్చినవారిని అడిగి, వారు సరేనంటేనే రాసుకోండి.

ఉచితంగా దొరికేదాన్ని పూర్తిగా వాడుకోకుండా డబ్బు ఖర్చుకు దిగడం తెలివి కాదు. ఉచితంగా ఏముంది? గూగుల్ పటంలో కొట్టు పేరు ఎక్కించుకోవడం ఉచితం. కొట్టు మనదేనని రుజువు చూపించమంటారు, ఇప్పుడు ఎక్కువగా వీడియో తీసి పంపమంటున్నారు. బోర్డూ, షట్టరు తాళం తీయడమూ, లోపలి సరుకూ చూపిస్తే చాలు. ఒకసారి ఎక్కాక వేళలు సరిగ్గా పెట్టండి. మనవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు. శుక్రవారం మధ్యాహ్నం జుమాకని షట్టరు దించుతాం. పటంలో మాత్రం పొద్దున తొమ్మిదినుంచి రాత్రి పదిదాకా తెరిచివున్నట్టే వుంటుంది. బ్రాడీపేటనుంచి ఒకావిడ ఆటోకు డబ్బు పోసుకుని వచ్చి తాళం చూసి పోతుంది, పోయి ఒక్క చుక్క వేసి నాలుగు మాటలు రాస్తుంది. ఆవిడ తప్పేముంది? రంజాన్‌లో వేళలు పూర్తిగా మారిపోతాయి. అలాంటి రోజులకు ప్రత్యేక వేళలు పెట్టుకునే వీలు అందులోనే వుంది. వాడండి.

వాట్సాప్ బిజినెస్ అనేది 2018లో వచ్చింది, అదీ ఉచితమే. కొట్టుకు వేరే సిమ్ము తీసుకుని అందులో పెట్టుకోండి. ఇంటి ఫోనూ కొట్టు ఫోనూ ఒకటే అయితే, బేరం అడిగినవాడికి ఇంట్లో పెళ్ళి ఫోటోలు కనపడతాయి. సరుకుల ఫోటోలు ధరలతో సహా అమర్చుకునే క్యాటలాగు అందులో వుంది. ఒకేసారి చాలామందికి కబురు పంపే బ్రాడ్‌కాస్టు జాబితా వుంది, ఒక్కో జాబితాలో 256 మంది దాకా. దీంట్లో ఒక కిటుకు చాలామందికి తెలియదు: మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికి మాత్రమే ఆ కబురు చేరుతుంది. అంచేత బిల్లు ఇచ్చేటప్పుడు "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా" అని ఒక్క మాట అడగాలి. ఆ ఒక్క మాటకు వున్న విలువ వెయ్యి కరపత్రాలకు లేదు. ప్రెస్సువాణ్ణి చెబుతున్నాను.

మొహల్లా గ్రూపుల్లో బేరాలు పెట్టేవారికి కూడా ఒక మనవి. జనాజా ఎన్నింటికో, ఖబరస్తాన్ ఏదో చెప్పే కబురు కిందనే "ఆఫర్ ఆఫర్" అని పరుపుల ఫోటో పడుతున్నది. ఇది నోటిమాట కాదు, నోటి దురద. దీనివల్ల పోయేది కొట్టు పేరే.

ఇప్పుడు రెండోవారి సంగతి, అంటే కార్యదర్శిగారు నవ్వని సంగతి.

మా అక్క కొడుకు ఒకడు పరుపుల కొట్టు పెట్టాడు. వాళ్ళ నాన్న, అంటే మా బావగారు, దూదేకినవారు. విల్లు భుజాన వేసుకుని వీధి వీధి తిరిగి పిల్లల్ని పెంచారు. కొట్టు పెట్టిన కొత్తలో గిరాకీ లేదని వాడు నా దగ్గరికొచ్చి కరపత్రాలు వేయమన్నాడు. "కరపత్రాలు ఎవడు చదువుతాడురా, ఫోనులో బూస్ట్ చెయ్యి" అన్నాను. అన్నది నేనే. ఎలా చెయ్యాలో మాత్రం చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి నాకూ తెలియదు. పెద్దవాణ్ణి గనుక తెలిసినట్టు మాట్లాడాను.

వాడు ఎవరో ఏజెంటును పట్టుకున్నాడు. ఇరవై నాలుగు వేలు ఇచ్చాడు. అందులో సగం ఫాలోవర్లకు, సగం బూస్టుకు. డబ్బు ఎక్కడిదంటే, మా అక్క చేతి గాజులు రెండు కుదువ పెట్టాడు. నెల తిరిగేసరికి పేజీలో పదకొండు వేల లైకులు. నాకు తెచ్చి చూపించాడు, నేను శభాష్ అన్నాను. ఆ తర్వాత అడిగాను, "కొట్టుకు ఎంతమంది వచ్చార్రా?" వాడు మాట్లాడలేదు. ఇద్దరం కూర్చుని ఆ పేర్లు చూశాం. ఒక్క గుంటూరు మనిషి లేడు. అక్షరాలు చదవడానికే రాని పేర్లు కొన్ని, ముఖాలు లేనివి చాలా. వాళ్ళు మనుషులో కాదో కూడా తెలియదు. వాళ్ళలో ఎవరైనా వచ్చి పరుపు కుట్టించుకుంటారా?

పోయింది డబ్బు మాత్రమే కాదు. ఫేస్‌బుక్కయినా ఇన్‌స్టాగ్రామ్ అయినా మనం పెట్టినదాన్ని ఎవరు చూసి ఆగుతున్నారు, ఎవరు మాట కలుపుతున్నారు అన్నది లెక్కవేసుకుని ఇంకొంతమందికి చూపించాలో వద్దో తేలుస్తాయి. పదకొండు వేలమంది పలకని బొమ్మల్ని పేజీలో కూర్చోబెడితే, ఎంత మంచి సరుకు పెట్టినా ఎవరూ పలకరు. ఎవరూ పలకలేదు గనుక అది ఇంకెవరికీ పోదు. డబ్బు పోసి నోటిమాటను చంపుకున్నట్టయింది. సగం సొమ్ముతో వేసిన బూస్టు కూడా రాష్ట్రమంతటికీ, లైకుల కోసమే వేశారు. పైగా ఆ పేజీ ఏజెంటు పేరుమీద తెరిచివుంది. తాళం ఇవ్వమంటే ఇంకో అయిదు వేలు అడిగాడు. ఇవ్వలేదు, పేజీ పోయింది. పిల్లలారా, మీ పేజీ మీ పేరుమీద, మీ ఫోను నంబరుమీద తెరవండి. పనివాడికి పని అప్పజెప్పవచ్చు, తాళం అప్పజెప్పకూడదు. ఎవరైనా దొంగతాళం తీయకుండా రెండంచెల గడియ పెట్టుకునే ఏర్పాటు వుంది, అది పెట్టుకోండి.

ఇప్పుడు సరిగ్గా చేసిన వైపు చూద్దాం. మన సభ్యుల ఇంటి ఆడపిల్ల ఒకతె, పేరు చెప్పను, ఈ సభలోనే వుంది, మగ్గం పని చేస్తుంది. బజారులో కొట్లవాళ్ళకు జాకెట్టుకింత అని కూలికి కుట్టేది. గిరాకీనుంచి కొట్టువాడు తీసుకునేదానిలో ఈ పిల్లకు మూడోవంతు దక్కితే గొప్ప. ఇంట్లో ఫోను ముట్టుకోనివ్వడానికి తల్లికి భయం. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు: వీడియోలో మగ్గం, సూది, చేతులు మాత్రమే కనపడాలి, ముఖం వద్దు, ఇంటి అడ్రసు వద్దు, ఫోను తమ్ముడి దగ్గర వుండాలి. ఆ తల్లి పెట్టిన షరతులే మేలు చేశాయంటాను నేను. కొనేవాళ్ళు చూడదలచుకున్నది పనే గదా. మొదట బంధువులకు వాట్సాప్ స్టేటస్, ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్. ఆరు నెలలపాటు ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. పూసలు ఎలా ఎక్కిస్తుందో, జర్దోసీ తీగను ఎలా తెంపుతుందో, తప్పు కుట్టింది ఎలా విప్పుతుందో పెట్టింది. ఆ విప్పే వీడియోనే ఎక్కువమంది చూశారట. ఎందుకో నేను చెప్పలేను. తప్పును విప్పి మళ్ళీ కుట్టేదాని దగ్గర పని ఇస్తే నమ్మకం అనుకున్నారేమో.

అప్పుడు, సరిగ్గా అప్పుడే, దానికి డబ్బు పెట్టింది. అన్నిటికీ కాదు, జనం తమంతట తాము మెచ్చిన ఆ ఒక్క వీడియోకే. రోజుకు రెండు వందల చొప్పున అయిదు రోజులు, అంటే వెయ్యి. దానిమీద జి.ఎస్.టి. నూటికి 18, అంటే నూట ఎనభై. మనవాళ్ళు ఈ పన్ను లెక్క మరిచిపోతుంటారు. మొత్తం 1180. ముప్పైఒక్కమంది మెసేజి పెట్టారు. అందులో చాలామంది రేటు అడిగి మాయమయ్యారు. నలుగురు జాకెట్లు ఇచ్చారు. కూలి, సరుకు కలిపి వచ్చింది 9200, సరుకు ఖర్చు 2600, ప్రచారం ఖర్చు 1180. చేతికి మిగిలింది 5420. అంటే ఒక గిరాకీని కొనుక్కోవడానికి 295 రూపాయలు పడింది. ఆ నలుగురిలో ఇద్దరు తర్వాత తమ చెల్లెళ్ళను పంపారు. వాళ్ళకు అయిన ఖర్చు సున్నా. రెండు రకాలూ కలిసి పనిచెయ్యడం అంటే ఇదే. ఏది బాగుందో ఉచిత ప్రచారం చెప్పింది, తెలియనివాళ్ళ దగ్గరికి దాన్ని డబ్బు మోసుకెళ్ళింది, వచ్చినవాళ్ళను మళ్ళీ నోటిమాట నిలబెట్టింది. ఈ లెక్క ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకుంది గనుక నాకు తెలిసింది. లెక్క రాసుకోనివాడికి లైకులే కనపడతాయి.

డబ్బు పెట్టేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని వున్నాయి. దేనికోసం ప్రకటన అని ఫోను అడుగుతుంది. లైకులకోసం అని చెప్పకండి. మెసేజి కోసం, లేదా ఫోను కాల్ కోసం అని చెప్పండి. ప్రకటనమీద వేలు పెడితే నేరుగా మన వాట్సాప్ తెరుచుకునే రకం వుంది, చిన్న కొట్లకు నా దృష్టిలో అదే మంచిది. రెండోది, దూరం. కొట్టు వున్నచోట పటంమీద గుర్తు పెట్టి, చుట్టూ ఒక మైలునుంచి యాభై మైళ్ళవరకు గీత గీసుకోవచ్చు. చూసుకోకుండా వదిలేస్తే గీత తెనాలి దాటి బెజవాడ దాకా పోతుంది. ఇరవై రూపాయల ఉస్మానియా బిస్కెట్ల కోసం బెజవాడనుంచి ఎవరొస్తారు? పొన్నూరు రోడ్డు బేకరీకి మూడు మైళ్ళు చాలు. పెళ్ళి జాకెట్టుకు మాత్రం ముప్పై మైళ్ళనుంచి కూడా వస్తారు. సరుకును బట్టి గీత.

మూడోది ఓపిక. ప్రకటన పెట్టిన మొదటి రోజుల్లో ఎవరికి చూపిస్తే పలుకుతున్నారో ఆ యంత్రం నేర్చుకుంటూ వుంటుంది. మనవాళ్ళు సాయంత్రానికల్లా బేరం రాలేదని బొమ్మ మార్చి, మర్నాడు దూరం మార్చి, ఎల్లుండి డబ్బు మారుస్తారు. పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ అది మళ్ళీ మొదటికొస్తుంది. బిర్యానీని దమ్ము మీద పెట్టి అయిదు నిమిషాలకోసారి మూత తీస్తే ఏమవుతుందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇంకొక సదుపాయం. మన వీడియో చూసినవారికీ, మన పేజీకి వచ్చి మాట కలిపినవారికీ మాత్రమే మళ్ళీ ప్రకటన చూపించమని అడగవచ్చు, వెనక్కి ఏడాదిదాకా. కొట్టు గుమ్మం దాకా వచ్చి తొంగి చూసి పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచినట్టు. కొత్తవాళ్ళకు చేసే చాటింపుకన్నా ఇందులో రూపాయికి ఫలితం ఎక్కువ కనపడుతున్నది, నేను చూసినంతలో. కాని ముందు ఉచితంగా కొంతమందిని తొంగి చూసేలా చేసుకుంటేనే గదా, తర్వాత పిలవడానికి ఎవరైనా వుండేది.

ధర సంగతి. మిర్చి యార్డులో వేలం మనకు కొత్త కాదు. ఫోనులో చోటు కూడా వేలంలోనే అమ్ముతారు. కాని ఎక్కువ పాడినవాడికే చోటు అనుకోకండి. ప్రకటన ఎంత నాణ్యంగా వుంది, చూసినవాళ్ళు పలికే అవకాశం ఎంత అన్నది కూడా కలిపి తూస్తారు. అంచేతనే జనం మెచ్చిన వీడియోకు తక్కువ ఖర్చులో ఎక్కువ చోటు దొరుకుతుంది, కళావిహీనమైన ఆఫరు బొమ్మకు ఎక్కువ పడుతుంది. పండుగల ముందు పెద్ద కంపెనీలు వేలంలోకి దిగుతాయి, రేటు పెరుగుతుంది. రంజాన్ వ్యాపారం చేసేవారు – అత్తరు, సేమ్యా, బట్టలు, హలీం – రంజాన్ చివరి పదిరోజుల్లో డబ్బు పోయడానికి బదులు షాబాన్‌లోనే మొదలుపెట్టండి. అప్పుడు చూసి మాట కలిపినవాళ్ళను చాంద్‌రాత్ ముందు మళ్ళీ పలకరించండి.

ఇక్కడ చాలామంది యువకులు నన్ను ఒక ప్రశ్న అడిగారు: "మామూ, ముస్లిములకు మాత్రమే కనపడేలా పెట్టొచ్చా?" పెట్టలేరు. మతసంబంధమైన ఆసక్తులను బట్టి ఎంచుకునే పద్ధతులను 2022 జనవరి 19నుంచి ఫేస్‌బుక్ యజమాని మెటా కంపెనీ తీసేసింది. తీసెయ్యడం మంచిదయిందనే నా అభిప్రాయం. ఎంచుకునే వీలుంటే వద్దని తప్పించే వీలూ వుంటుంది. మన కొట్టును ఇంకొకరి కళ్ళకు కనపడకుండా తప్పించగల మీట లేకపోవడం మనకు నష్టం కాదు. అత్తరు కొనేవాడు మనవాడే కావచ్చు. పరుపు, కేకు, మగ్గం పని, బైకు రిపేరు ఊరందరికీ కావలసినవి. మన మొహల్లాలో కొట్టు వున్నది గనుక గీత మొహల్లాకే గీస్తామంటే మనల్ని మనమే చిన్నబుచ్చుకోవడం.

నిజం మాట. మన ప్రవక్త (స) గారు బజారులో ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టి, పైన పొడిగా వున్నది అడుగున తడిగా వుండడం చూసి అమ్మేవాణ్ణి మందలించిన ఉదంతం మన పిల్లలందరికీ మదరసాలోనే చెబుతారు. రంగు పెంచి తీసిన బట్ట ఫోటో ఏమిటి మరి? ఇంకో హోటలువాడి బిర్యానీ బొమ్మ తెచ్చి మనదని పెట్టడం ఏమిటి? కొన్న లైకులు, తెలిసినవాళ్ళతో రాయించుకున్న చుక్కలు ఏమిటి? అడుగున తడి కాదా? దీన్ సంగతి పక్కనపెట్టినా, చట్టమూ వుంది. 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మోసపు ప్రకటనకు పది లక్షలదాకా జరిమానా వెయ్యవచ్చు. డబ్బు పుచ్చుకుని హోటలు తిండిని మెచ్చుకునే వీడియోల కుర్రాళ్ళు, అది డబ్బు పుచ్చుకుని చేసినదని చెప్పి తీరాలి. వాళ్ళతో చేయించుకునేవారు ఆ మాట చెప్పించండి.

చివరగా సొసైటీ పెద్దల ముందు ఒక ప్రతిపాదన, దీనిమీద మా ఇద్దరికీ, అంటే నాకూ కోశాధికారిగారికీ వాదన వుంది. ప్రచారాల కోసం ఖర్జె హసనా నిధినుంచి అప్పులు ఇవ్వమని యువకులు అర్జీలు పెట్టారు. అసలు ఇవ్వకూడదని కోశాధికారిగారు అంటారు. కుట్టుమిషను కొంటే మిషను మిగులుతుంది, ప్రకటన కొంటే ఏమీ మిగలదు అని ఆయన మాట. అందులో న్యాయం లేకపోలేదు. కాని మనం ఇవ్వకపోతే వాళ్ళు మానుకోరు. క్రెడిట్ కార్డుమీద కడతారు, గడువు దాటితే వడ్డీ. లేదా తల్లి గాజులు. వడ్డీనుంచి తప్పించడానికే గదా ఆ నిధి పెట్టుకున్నది. నా ప్రతిపాదన ఇది: మూడు నెలలు పైసా ఖర్చు లేకుండా పేజీ నడిపి, ఎవరొచ్చారు, ఎంతకు కొన్నారు అన్న నోటుబుక్కు తెచ్చి చూపించినవారికి మొదట రెండు వేలకు మించకుండా ఇవ్వండి. ఆ రెండు వేలకు లెక్క చూపితే మళ్ళీ ఇవ్వండి. నోటుబుక్కు లేనివాడికి రూపాయి ఇవ్వకండి. కమిటీ ఏది తేల్చినా నాకు సమ్మతమే, తేల్చకుండా మాత్రం వచ్చే ఏడాదిదాకా లాగకండి.

మా అక్క కొడుకు ఏమయ్యాడని మీరు అడగకముందే చెబుతాను. కొత్త పేజీ తెరిచాడు, వాడి పేరుమీదే. ఏమి పెట్టాలో తెలియక ఒకరోజు మా బావగారు అటకమీదినుంచి పాత విల్లు దించి, దులిపి, దూది ఏకుతుంటే ఫోనులో తీశాడు. ఇప్పుడన్నీ మిషన్లు గనుక ఆ విల్లు చప్పుడు విని చాలా ఏళ్ళయింది అందరికీ. ఆ వీడియో పైసా పెట్టకుండా ఊళ్ళో తిరిగింది. మా ప్రెస్సుకొచ్చిన గిరాకీయే నాకు తెచ్చి చూపించాడు, మా బావగారని తెలియక. వారం ఆగి దానికి రోజుకు నూటయాభై పెట్టాడు, కొట్టుచుట్టూ అయిదు మైళ్ళు, మెసేజిల కోసం. పాత పరుపు విప్పి దూది ఏకించి మళ్ళీ కుట్టించుకునేవాళ్ళు ఎక్కువగా వస్తున్నారు. కొత్త పరుపులకు ఇంకా అంతగా లేదు. గాజుల్లో ఒకటి ఇంటికొచ్చింది. ఇంకొకటి రావాలి.

నేను రోజూ మగ్‌రిబ్ తర్వాత ప్రెస్సులోనే వుంటాను. గూగుల్ పటంలో కొట్టు ఎక్కించుకోవడం రానివారు బోర్డు ఫోటో, ఫోను పట్టుకుని రండి. డబ్బు తీసుకోను, టీ మీరే చెప్పించాలి. మగ్గం పని పిల్ల తన నోటుబుక్కు ఎలా గీసుకుందో చూడదలచిన చెల్లెళ్ళు పరదా అవతలే ఆమెను అడగండి, చూపిస్తానంది.

వస్సలాం.